పుట్టిన బిడ్డని మొదటిరోజే పూర్తిగా చూడండి: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల పెద్దలకి, జిల్లాల్లో ఉన్న డీఎంహెచ్‌వోలకి, ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రోగ్రాం చూసే ఆఫీసర్లకి నమస్కారం.

నేను గవర్నమెంటు ఆసుపత్రిలో పిల్లల సర్జరీ వార్డులో ఇరవై ఏళ్ళకి పైగా చేశాను, మొదట స్టాఫ్ నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా, ఇప్పుడు రిటైర్ అయ్యాను. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అనేది రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక ఆసుపత్రి మీద కంప్లయింట్ కాదు, నేను చెప్పేవి అన్ని జిల్లాల్లో జరిగేవే, మీకూ కొన్ని తెలిసే ఉంటాయి. సర్వీసులో ఉన్నప్పుడు మీటింగుల్లో చెప్పాను, రిపోర్టుల్లో ఒక లైను రాశాను, అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు తీరిగ్గా, అందరూ చదివేలా రాస్తున్నా.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఆపరేషన్ చేసే చేతులు మన దగ్గర ఉన్నాయండీ. హైదరాబాద్ నిలోఫర్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో, వైజాగ్ కేజీహెచ్‌లో, కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జన్లు ఉన్నారు, కిలోన్నర బిడ్డకి కూడా పేగు కలిపి కుట్టి బతికించిన డాక్టర్లతో నేను పనిచేశాను. డబ్బుకి కూడా ఒక దారి ఉంది, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర్నుంచీ ఆపరేషన్ ఖర్చు కోసం పుస్తెలు తాకట్టు పెట్టిన తల్లులు మా వార్డులో బాగా తగ్గిపోయారు, అది నేను కళ్ళారా చూశాను. కానీ మా పిల్లల్ని మేం పోగొట్టుకుంది ఎక్కువగా థియేటర్లో కాదు. థియేటర్ దాకా వచ్చేలోపు పోగొట్టుకున్నాం, ఇంటికి పంపించాక పోగొట్టుకున్నాం. మీరు ఆపరేషన్‌కి డబ్బులు కడుతున్నారు, ఆపరేషన్‌కి ముందు రోజులు, తర్వాత సంవత్సరాలు మాత్రం ఆ తల్లి నెత్తిన పడుతున్నాయి. నా లెటర్ అంతా ఆ ముందు, ఆ తర్వాత గురించే.

మొదటి రోజు సంగతి. బిడ్డ పుట్టగానే ఏడ్చిందా, బరువెంత, మగా ఆడా, ఇంజెక్షన్ వేశారా, తుడిచి గుడ్డలో చుట్టి ఇచ్చేస్తారు, కాన్పుల గదిలో అంత రద్దీలో సిస్టర్లని నేను తప్పు పట్టను, ఒక్కతే నాలుగు కాన్పులు చూస్తున్న చోట్లు నాకు తెలుసు. కానీ ఆ బిడ్డ కాళ్ళు రెండూ ఎత్తి లైట్లో మలద్వారం ఉందా లేదా చూడటానికి అర నిమిషం పట్టదు. మలద్వారం లేకుండా పుట్టే పిల్లలు ప్రపంచంలో ఎక్కడైనా సుమారు 5,000 మందికి ఒకరు ఉంటారు, అంటే లక్ష కాన్పులైతే అటూ ఇటూగా 20 మంది. ఇది స్కానింగులో చాలావరకు దొరకదు, చూస్తేనే తెలిసేది. మూడో రోజు, నాలుగో రోజు కడుపు నిండు కుండలా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ, పసరు వాంతులు చేసుకుంటూ మా దగ్గరికి వచ్చిన బిడ్డలు ఎంతోమంది, ఆ కడుపు మీద వాతలు పెట్టించుకుని వచ్చిన వాళ్ళని కూడా చూశాను. డిశ్చార్జి కాగితం చూస్తే బిడ్డ బాగుంది అని రాసి ఉంటుంది. మొదటిరోజే వచ్చిన బిడ్డకి కొలాస్టమీ చేసి, అంటే కడుపు మీదకి పేగు తీసి దారి ఇచ్చి, వారం లోపలే తల్లి పక్కన పడుకోబెట్టేవాళ్ళం. నాలుగో రోజు వచ్చిన బిడ్డకి అప్పటికే పేగు చిల్లు పడి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్ళి ఉండొచ్చు. జబ్బు ఒకటే, ఆపరేషన్ ఒకటే, మధ్యలో తేడా అల్లా ఎవరైనా చూశారా లేదా అనేదే.

ఆడపిల్లల సంగతి ఇంకా బాధ. వాళ్ళల్లో ఎక్కువమందికి మలం యోని ముఖద్వారం దగ్గర ఒక చిన్న దారి గుండా వస్తుంది, వస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోరు. తల్లి కనిపెట్టినా బయటకి చెప్పుకోదు, అత్తగారికి తెలిస్తే ఏమంటారో, రేపు పెళ్ళెట్లా అని దాచిపెడుతుంది, పాలు మాత్రమే తాగినన్ని రోజులు పలచగా వచ్చేస్తుంది కాబట్టి నడిచిపోతుంది, అన్నం మొదలుపెట్టాక గట్టిపడి ఆ చిన్న దారిలోంచి రాక బిడ్డ ముక్కి ముక్కి ఏడుస్తుంది. రెండేళ్ళకి వచ్చిన వాళ్ళున్నారు, బడికెళ్ళే వయసులో వచ్చిన వాళ్ళున్నారు, అప్పటికి పెద్దపేగు సాగిపోయి ఉంటుంది, ఆపరేషన్ తర్వాత కూడా మలబద్ధకం వదలదు. ఆడబిడ్డ పుడితే మూత్రం దారి, యోని, మలద్వారం మూడూ వేరువేరుగా ఉన్నాయా అని చూడమని కాన్పుల గదిలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మూడింటికీ కలిపి ఒకటే దారి కనపడితే అది ఇంకా పెద్ద సమస్య, ఆ బిడ్డకి మూత్రం ఆగిపోయి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది, ఆ రోజే పంపాలి. మగబిడ్డకి మూత్రంలో మలం కలిసి నల్లగా వచ్చినా అంతే.

నోట్లోంచి నురగ ఆగకుండా వస్తున్న బిడ్డ ఇంకో రకం. ఎంత తుడిచినా మళ్ళీ వస్తుంటుంది, పాలు పట్టగానే పొలమారి నీలంగా మారిపోతుంది. అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి పుట్టిన బిడ్డ అయ్యుండొచ్చు. నోట్లోంచి ఒక మామూలు ట్యూబు వేస్తే పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, కడుపులోకి వెళ్ళదు, అంతే, అది చాలు అనుమానించడానికి, ఆ ట్యూబు ప్రతి పీహెచ్‌సీలో ఉంటుంది. ఆ అనుమానం రాకపోతే ఏమవుతుందంటే నానమ్మ తేనె నాకిస్తుంది, ఇంకెవరో పంచదార నీళ్ళు పోస్తారు, పాలు మళ్ళీ మళ్ళీ పడతారు, అదంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియాతో మా దగ్గరికి వస్తాడు. పెద్దవాళ్ళది ప్రేమే, వాళ్ళకి తెలీదు. చెప్పాల్సిన వాళ్ళం మనం.

పసరు వాంతి గురించి ఒక్క మాట, ఇది మాత్రం ప్రతి ఆశా కార్యకర్త, ప్రతి అంగన్‌వాడీ టీచరు నోటికి రావాలి. పాలు కక్కడం వేరు, పచ్చగా పసరు కక్కడం వేరు. పుట్టిన బిడ్డ ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే అది పేగు మెలిపడి ఉండొచ్చు అనుకునే తీరాలి, కాదని డాక్టరు తేల్చేదాకా. మెలిపడిన పేగుకి రక్తం అందక గంటల్లో నల్లబడిపోతుంది, పేగు మొత్తం పోయాక ఏ సర్జనూ ఏమీ చేయలేడు, కడుపు తెరిచి చూసి మళ్ళీ మూసేసిన రోజులు ఉన్నాయి, ఆ రోజుల్లో థియేటర్లో ఎవ్వరూ మాట్లాడేవాళ్ళు కాదు. రేపు పొద్దున ఓపీకి రండి అని పసరు కక్కే బిడ్డకి చెప్పకూడదు.

ఇది మన దగ్గరే ఇలా ఉందా అంటే కాదు. 2021లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద స్టడీ వచ్చింది, 74 దేశాల్లో 264 ఆసుపత్రుల్లో, పుట్టుకతో పేగుల సమస్యలు ఉన్న 3,849 మంది పిల్లల్ని చూశారు. బాగా డబ్బున్న దేశాల్లో నూటికి 5.6 మంది చనిపోతే మధ్యరకం దేశాల్లో 20.4 మంది, పేద దేశాల్లో 39.8 మంది. మనం ఆ మధ్యరకంలోకే వస్తాం. ఆసుపత్రికి చేరేసరికే ఇన్ఫెక్షన్‌తో ఉండటం చావుకి ఒక ముఖ్య కారణంగా అందులో తేలింది. మా వార్డు రిజిస్టర్ చూసినా అదే చెప్పేది, దానికి స్టడీ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ప్రోగ్రాంలకి వస్తాను. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే చాలా మంచి ప్రోగ్రాం, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూడాలని పెట్టారు, 30 రకాల సమస్యల లిస్టు ఇచ్చారు. అందులో పుట్టుకతో వచ్చే లోపాలు 9: వెన్నుపాము లోపం, డౌన్ సిండ్రోమ్, గ్రహణం మొర్రి, వంకర పాదాలు, తుంటి కీలు తొలగడం, పుట్టు కంటిపొర, పుట్టు చెవుడు, గుండె లోపాలు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కంటి రెటీనా సమస్య. ఆ తొమ్మిదిలో మలద్వారం లేకపోవడం లేదు, అన్నవాహిక మూసుకుపోవడం లేదు, పేగు మూసుకుపోవడం లేదు, వృషణాలు కిందకి దిగకపోవడం లేదు. లిస్టులో లేకపోయినా చూసి పంపే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళకి చేతులెత్తి దండం. కానీ లిస్టులో లేనిది ట్రైనింగులో ఉండదు, ఫార్మ్‌లో గడి ఉండదు, నెల రిపోర్టులో ఎవరూ అడగరు. గ్రహణం మొర్రి అందరికీ కనపడుతుంది కాబట్టి ఏదో ఒక క్యాంపు వాళ్ళు తీసుకెళ్తారు, గుడ్డల కింద ఉన్నది ఎవరికి కనపడాలి. సెంటర్ లిస్టు మార్చేదాకా ఆగక్కర్లేదు, రాష్ట్రం తన ఫార్మ్‌లో నాలుగు గడులు పెంచుకోవచ్చు.

ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇళ్ళకి వెళ్తున్నారు కదా. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళాలని ఉంది. కొత్త మనిషిని పెట్టమనట్లేదు, కొత్త జీతం అడగట్లేదు (ఆశాలకి ఉన్న జీతం పెంచాలి, అది వేరే లెటర్). ఆ వెళ్ళినప్పుడు అడిగే ప్రశ్నల్లో ఇంకో మూడు పెట్టండి చాలు: మొదటి నల్ల దొడ్డి 24 గంటల్లో అయిందా, పసరు వాంతి ఉందా, దొడ్డి ఏ రంగులో ఉంది. మొదటిది అసలు డిశ్చార్జికి ముందే కాగితం మీద టైముతో సహా రాసి ఉండాలి. 24 గంటలు దాటినా దొడ్డికి పోని నెలలు నిండిన బిడ్డకి పేగులో నరాలు లేని జబ్బు ఉండొచ్చు, హిర్ష్‌స్ప్రంగ్ అంటారు, అదీ సుమారు 5,000 మందికి ఒకరికి. సబ్బు ముక్క పెట్టి, తమలపాకు తొడిమ పెట్టి దొడ్డికి పోయించుకుంటూ ఏళ్ళు లాగేసి, ఎముకల గూడులా తయారైన పిల్లల్ని తీసుకొస్తారు.

దొడ్డి రంగు ఎందుకంటే. పుట్టిన పిల్లల్లో చాలామందికి కామెర్లు వస్తాయి, పోతాయి, అందుకని ఎండలో పెట్టండి తగ్గిపోతుంది అని అందరూ చెప్తారు. కానీ 14 రోజులు దాటినా కళ్ళు పచ్చగానే ఉండి, మూత్రం గుడ్డకి పసుపు మరక అంటుతూ, దొడ్డి తెల్లగా సుద్ద రంగులో వస్తోందంటే కాలేయం నుంచి పిత్తం దారి మూసుకుపోయి ఉండొచ్చు. దానికి జపాన్ సర్జన్ కసాయి 1950ల్లో కనిపెట్టిన ఆపరేషన్ ఉంది, 60 రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యం అయ్యే కొద్దీ కాలేయం గట్టిపడిపోయి చివరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతా ప్రతి బిడ్డ పుస్తకంలో దొడ్డి రంగుల కార్డు పెట్టారు, తల్లి ఇంట్లో పోల్చి చూసుకుంటుంది, తేడా ఉంటే ఫోన్ చేస్తుంది, దాంతో ఆపరేషన్లు త్వరగా జరగడం మొదలైంది. మనకి కూడా ప్రతి తల్లి చేతిలో తల్లీబిడ్డల ఆరోగ్యం రాసుకునే ఎమ్‌సీపీ కార్డు ఉంది. అందులో ఒక్క పేజీ, రంగుల్లో. 42వ రోజు ఆశా వచ్చినప్పుడు ఆ పేజీ పక్కన పెట్టి చూసినా ఇంకా రెండున్నర వారాల టైము ఉంటుంది. మా దగ్గరికి నాలుగో నెలలో పసరు మందు తాగించి, మెడలో తాడు కట్టించి తీసుకొచ్చిన తల్లిదండ్రులకి ఆలస్యమైపోయిందన్న మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఉండే బాధ నేను రాయలేను.

సరే, కనిపెట్టారు అనుకుందాం, పంపడం ఎలా. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు, పాడేరు ఘాట్ రోడ్డు దిగి వైజాగ్ రావాలంటే గంటల ప్రయాణం. పుట్టిన బిడ్డ ఆ దారిలో చల్లబడిపోతే వచ్చాక మత్తు ఇవ్వడానికే మత్తు డాక్టరు భయపడతారు, ముందు వార్మర్ కింద పెట్టి వేడి చేసి, సెలైన్ ఎక్కించి, షుగర్ సరిచేసి, అప్పుడు థియేటర్. 2020 జులైలో ఆంధ్రాలో 108, 104 బండ్లు వెయ్యికి పైగా ఒకేసారి దింపినప్పుడు అందులో 26 పసిపిల్లల కోసమే ఉన్నవి, చాలా సంతోషించాం. ఆ బండి దొరకనప్పుడు మామూలు బండిలో వచ్చే బిడ్డ సంగతి కూడా ఆలోచించాలి. తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి తీసుకురండి అంటే, తల్లి రాదు కదా! తల్లికి సిజేరియన్ అయ్యింది, అక్కడే ఉంచేశారు, బిడ్డని తువ్వాల్లో చుట్టుకుని తండ్రి, నానమ్మ వస్తారు. ఇక్కడ బిడ్డకి రక్తం క్రాస్ మ్యాచ్ చేయాలంటే తల్లి రక్తం శాంపిల్ అడుగుతారు, అది ఉండదు, ఒక మనిషి మళ్ళీ బస్సెక్కి వెనక్కి వెళ్ళి తీసుకురావాలి. పాలు ఉండవు. కన్నబిడ్డని చూడకుండానే ఆ తల్లికి బిడ్డ పోయిందన్న కబురు వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి.

రెఫరల్ చీటీ మీద హయ్యర్ సెంటర్‌కి పంపడమైనది అని ఒక లైను రాసి సంతకం పెడితే సరిపోదండీ. పుట్టిన టైము, బరువు, విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా, పాలు ఎప్పుడు పట్టారు, దొడ్డి మూత్రం అయ్యాయా, ముక్కులోంచి ట్యూబు వేశారా, ఇవన్నీ ఉండాలి, తల్లి రక్తం శాంపిల్ ఒక సీసాలో పేరు రాసి బిడ్డతో పాటు పంపాలి. బయల్దేరేముందు ఒక ఫోన్ చేయాలి. ఆ ఫోన్ ఎత్తడానికి పిల్లల సర్జరీ ఉన్న ప్రతి ఆసుపత్రిలో 24 గంటలూ ఒక నంబరు ఉండాలి, డాక్టరు గారి సొంత సెల్ నంబరు కాదు, డిపార్ట్‌మెంట్ నంబరు. మంచం ఖాళీ లేదని తెలిస్తే ముందే వేరే ఊరికి తిప్పొచ్చు, గేటు దాకా వచ్చాక ఇంకో ఆసుపత్రికి పొమ్మనడం ఆ బిడ్డకి ఎంత నష్టమో మీకు చెప్పక్కర్లేదు. తల్లి నడవగలిగే స్థితిలో ఉంటే తల్లినీ పంపండి, అదే ఊళ్ళో ప్రసూతి వార్డులో మంచం ఇవ్వండి.

ఇక ఆపరేషన్ తర్వాత. మలద్వారం లేని బిడ్డకి చాలాసార్లు మూడు ఆపరేషన్లు ఉంటాయి, మొదట కొలాస్టమీ, కొన్ని నెలలకి కొత్త మలద్వారం చేయడం (1980ల్లో మెక్సికోలో ఆల్బెర్టో పేన్యా అనే సర్జన్ మొదలుపెట్టిన పద్ధతే ఇప్పుడు అందరూ చేసేది), ఆ తర్వాత కొలాస్టమీ మూయడం. ఆ మధ్య నెలలు ఆ తల్లి ఎలా గడుపుతుందో ఎవరైనా చూశారా. కొలాస్టమీ బ్యాగులు ఖరీదు, పసిబిడ్డ సైజువి మండల కేంద్రంలో దొరకవు, దొరికినా చిన్న కడుపు మీద నిలవవు, అందుకని పాత చీర ముక్కలు మడిచి కట్టుకుంటారు, మేమే అలా నేర్పించాం, వేరే దారి లేక. చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పుండవుతుంది, జింక్ ఆయింట్‌మెంట్ అయిపోతే కొబ్బరి నూనె, వాసన వస్తుందని ఎవరూ ఎత్తుకోరు, శుభకార్యాలకి పిలవరు. ఆ పరిస్థితి భరించలేక రెండో ఆపరేషన్‌కి రాకుండానే ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి, తండ్రి వదిలేసి వెళ్ళిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. నెలకి సరిపడా బ్యాగులు, పేస్టు, ఆయింట్‌మెంట్ జిల్లా ఆసుపత్రిలో ఫ్రీగా ఇవ్వడం మీకు పెద్ద ఖర్చు కాదు.

కొత్త మలద్వారం చేశాక రెండు వారాల నుంచి డైలేటేషన్, అంటే ఆ దారిని కొంచెం కొంచెంగా వెడల్పు చేయడం, ఉంటుంది. స్టీలు కడ్డీలు, సైజు ప్రకారం, రోజుకి రెండుసార్లు తల్లే పెట్టాలి, వారానికో సైజు పెంచుకుంటూ పోవాలి, లేకపోతే దారి మూసుకుపోతుంది. ఏడుస్తున్న బిడ్డకి ఆ పని తన చేత్తో చేయడం ఏ తల్లికీ తేలిక కాదు, చుట్టుపక్కల వాళ్ళు ఎందుకమ్మా బిడ్డని హింసిస్తావు అంటారు, ఆపేస్తారు, మూసుకుపోతుంది, మళ్ళీ ఆపరేషన్. ఆ ఊరి ఏఎన్‌ఎంకి ఈ పని తెలిసి ఉంటే, వారానికి ఒకసారి ఆ ఇంటికెళ్ళి ధైర్యం చెప్పి, సైజు సరిగ్గా పెంచుతున్నారా చూస్తే చాలు, మళ్ళీ చేయాల్సొచ్చే ఆపరేషన్లు ఎన్ని తప్పుతాయో. డిశ్చార్జి రోజున మేం తల్లికి నేర్పించేటప్పుడే ఆ ఏఎన్‌ఎంకి వీడియో కాల్ చేసి చూపించే ఏర్పాటు ఈ రోజుల్లో కష్టమా?

ఆ బిడ్డ బడికి వెళ్ళే వయసు వస్తుంది. ఆపరేషన్ బాగా జరిగినా కొంతమందికి మలం మీద పట్టు పూర్తిగా రాదు, నరాలు, కండరాలు పుట్టుకతోనే సరిగ్గా లేకపోతే ఎవరూ ఏం చేయలేరు. అలాంటి పిల్లలకి రోజూ ఒక టైముకి ఇంట్లో ఎనీమా ఇచ్చి పేగు ఖాళీ చేస్తే రోజంతా శుభ్రంగా ఉండి అందరిలాగే చదువుకోవచ్చు, ఈ పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది, కానీ నేర్పించే క్లినిక్ ఉండాలి, వారంలో ఒకరోజైనా. లేకపోతే ఆ పిల్లాడు క్లాసులో వెనక బెంచీలో ఒంటరిగా కూర్చుని, రెండో తరగతో మూడో తరగతో మానేస్తాడు. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్తే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఇది లేదు కాబట్టి సర్టిఫికెట్ రాదు. కనీసం బడిలో ఆ పిల్లాడికి ఎప్పుడంటే అప్పుడు బాత్రూముకి వెళ్ళే పర్మిషన్, నీళ్ళు వచ్చే బాత్రూము, తాళం వేయని బాత్రూము ఇచ్చేలా విద్యాశాఖకి ఒక లెటర్ రాయండి. పన్నెండేళ్ళు దాటగానే చాలాచోట్ల మా వార్డులో చోటు ఉండదు, పెద్దవాళ్ళ సర్జరీకి వెళ్ళమంటాం, అక్కడి వాళ్ళకి ఈ బిడ్డ చరిత్ర తెలీదు, అదే వయసులో ఆడపిల్లకి నెలసరి మొదలవుతుంది, పుట్టుకతో ఉన్న లోపం వల్ల దానికీ ఇబ్బందులు రావొచ్చు, ఎవరిని అడగాలో ఆ పిల్లకి తెలీదు. 18 ఏళ్ళ దాకా మా దగ్గరే చూసేలా ఒక ఆర్డర్ ఇవ్వండి.

పన్నెండేళ్ళు దాటిన పిల్లల మాట వచ్చింది కాబట్టి హాస్టళ్ళ గురించి. సంక్షేమ హాస్టళ్ళలో, గురుకులాల్లో వేల మంది మగపిల్లలు ఉన్నారు. రాత్రిపూట ఉన్నట్టుండి వృషణం మెలిపడి విపరీతమైన నొప్పి వస్తుంది, ఆ వయసులోనే ఎక్కువ. సుమారు ఆరు గంటల లోపు ఆపరేషన్ అయితే దక్కుతుంది, ఆ తర్వాత గంట గంటకీ ఆశ తగ్గిపోతుంది. పిల్లాడు సిగ్గుతో కడుపు నొప్పి అంటాడు, వార్డెన్ ఒక మాత్ర ఇచ్చి పడుకోమంటాడు, తెల్లారి ఇంటికి ఫోన్ చేస్తారు, అమ్మానాన్న వచ్చేసరికి మధ్యాహ్నం. ఇరవై నాలుగు గంటల నొప్పి అనే అపెండిక్స్ కూడా ఇంతే, పగిలాక తీసుకొస్తారు. కడుపు నొప్పన్న మగపిల్లాడిని కింద నొప్పి ఉందా అని అడగాలని, ఉంటే అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయాలని ప్రతి హాస్టల్ వార్డెన్‌కి, పీఈటీకి చెప్పండి, పిల్లలకి కూడా సిగ్గుపడొద్దని ముందే చెప్పండి. అంగన్‌వాడీల్లో చూసేటప్పుడు మగపిల్లల వృషణాలు కిందకి దిగాయా అన్నది కూడా చూడాలి, ఆరు నెలలకి దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోవాలి, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు రావడం కాదు.

చివరగా మా సిస్టర్ల సంగతి. రెండు కిలోల బిడ్డకి సెలైన్ ఎన్ని చుక్కలు వెళ్ళాలో, కొలాస్టమీ రంగు మారితే ఎప్పుడు డాక్టర్ని లేపాలో ఒక సిస్టరుకి చేయి తిరగడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అలా తయారైన మనిషిని జనరల్ ట్రాన్స్‌ఫర్లలో కంటి వార్డుకి వేసేస్తారు, ఆమె చోటికి కొత్తమ్మాయి వస్తుంది, ఆ అమ్మాయి తప్పేం లేదు, కానీ ఆ నెలల్లో బిడ్డలు నష్టపోతారు. పిల్లల సర్జరీ, పసిపిల్లల ఐసీయూ సిస్టర్లకి ట్రాన్స్‌ఫర్లలో మినహాయింపు ఇవ్వండి, మత్తు డాక్టర్ పోస్టులు ఖాళీ ఉంచకండి.

నేను అడిగేవాటిలో కొన్నింటికి బడ్జెట్ కావాలి, కొన్నింటికి సర్క్యులర్ చాలు. ముందు సర్క్యులర్‌తో అయ్యేవి చేయండి: కాన్పుల గదిలో బిడ్డని పూర్తిగా చూశాం అని పేరు రాసి సంతకం పెట్టే ఒక కాలమ్, రెఫరల్ చీటీ కొత్త నమూనా, ఎమ్‌సీపీ కార్డు వచ్చే ప్రింటింగులో దొడ్డి రంగుల పేజీ. ఏఎన్‌ఎంలకి, ఆశాలకి ట్రైనింగు పెడితే రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లాకైనా నా ఖర్చులతో వస్తాను, కొలాస్టమీ కట్టు కట్టడం, డైలేటేషన్ చేయడం, నురగ కక్కే బిడ్డకి ట్యూబు వేసి చూడటం బొమ్మ మీద చేసి చూపిస్తాను, నాతో పనిచేసి రిటైర్ అయిన ఇంకొందరు సిస్టర్లు కూడా వస్తామన్నారు. జవాబు కోసం చూస్తుంటాం.

ఇట్లు,
పిల్లల సర్జరీ వార్డు రిటైర్డ్ హెడ్ నర్సు